చేరాక కబురు పెట్టు

అమెరికాలో చార్లట్స్‌విల్ అనే ఊరుంది. అక్కడి వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒక చిన్న పరిశోధన విభాగం. ఆ విభాగంలో ఫైళ్లు దాచే బీరువాకి ఒక అంకెల తాళం వేసి పెట్టారు. దాన్ని తెరిచే అంకెలు ఎక్కడా రాసి లేవు. తెలిసిన మనిషి ఒక్కడే. అతను 2007 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో చనిపోయాడు. పేరు ఇయాన్ స్టీవెన్సన్, వృత్తి మానసిక వైద్యం. బతికుండగానే ఆ తాళం కొని, అంకెలు మార్చి, వాటిని గుర్తు చేసే మాటొకటి మనసులో దాచుకుని, తోటివాళ్లకి చెప్పిపెట్టాడు: పోయాక కూడా నేనంటూ మిగిలి ఉంటే ఆ మాట మీకు ఎలాగోలా అందజేస్తాను, తాళం తీసి చూసుకోండి అని. అది తెరుచుకుందన్న వార్త మాత్రం రాలేదు.

ఈ తాళమంటే నాకు గౌరవం. చచ్చాక ఏమీ లేదని బల్ల గుద్దేవాళ్లు మనకి కొదవ లేదు. ఉందని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు అంతకంటే ఎక్కువ. "సరే, పరీక్ష పెట్టండి, నేనే రాస్తాను" అన్నవాళ్లు మాత్రం అరుదు. పైగా ఆయన ఖాళీ చేతులతో ఉన్నవాడేమీ కాదు. పునర్జన్మ కేసులని పిలవదగ్గవి 2,500కి పైగా పోగుచేసినవాడు. అంత పోగేసి కూడా చివరికి ఒక తాళం కొనుక్కున్నాడంటే, ఆ పోగు చాలదని ఆయనకే అనిపించి ఉంటుందని నా ఊహ.

స్టీవెన్సన్ మొదటిసారి 1961లో మన దేశానికి వచ్చాడు. నాలుగైదు కేసులు దొరికితే గొప్ప అనుకుంటూ వచ్చినవాడికి కొద్ది వారాల్లోనే పాతిక దాకా దొరికాయి. దాదాపు అన్నీ ఒకే అచ్చు. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పిల్ల ఉన్నట్టుండి "ఇది మా ఇల్లు కాదు, మా ఊరు ఫలానా, మా ఆయన పేరు ఫలానా" అంటుంది. ఐదు నుంచి ఎనిమిదేళ్లు వచ్చేసరికి మరిచిపోతుంది. వెనకటి మనిషిది చాలాసార్లు అర్ధాయుష్షు చావు, ప్రమాదమో హత్యో. కొందరి ఒంటి మీద ఆ గాయం తగిలిన చోటే పుట్టుమచ్చ. ఈ మచ్చల మీదే ఆయన 1997లో రెండు సంపుటాలు, రెండు వేలకి పైగా పేజీలు అచ్చువేశాడు. ఈ పరిశోధనకి డబ్బు ఎక్కువగా ఇచ్చింది చెస్టర్ కార్ల్‌సన్, జిరాక్స్ యంత్రం వెనకున్న పద్ధతిని కనిపెట్టినాయన. మనిషికి రెండో కాపీ ఉంటుందా అన్న ప్రశ్నకి జిరాక్స్ డబ్బే దొరకడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

నవ్వు సంగతి పక్కన పెడితే, ఈ కేసుల్ని కొట్టిపారేయడం అంత తేలిక కాదు. పిల్లలు చెప్పినవి కొన్ని నిజంగానే సరిపోయాయి. చిక్కంతా ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అన్న దగ్గర వస్తుంది. పరిశోధకుడు నోటు పుస్తకం పట్టుకుని దిగేసరికి రెండు కుటుంబాలూ అప్పటికే కలుసుకుని, కావలించుకుని, ఏడ్చి, ఒకళ్ల సంగతులు ఒకళ్లకి చెప్పేసుకుని ఉంటారు. ఆ తరవాత పిల్ల ముందుగా ఏమంది, కలిశాక ఏమంది అని విడదీయడం ఎవరి తరమూ కాదు. మన దేశంలో అందరికంటే పేరుమోసిన శాంతిదేవి సంగతే చూడండి. 1926లో ఢిల్లీలో పుట్టిన పిల్ల, మథురలో తనకి భర్త ఉన్నాడనీ, బిడ్డని కన్న కొద్ది రోజులకే పోయాననీ చెప్పింది. గాంధీ గారి దాకా వెళ్లింది కబురు. 1935లో పెద్ద మనుషుల సంఘమొకటి ఆమెని మథుర తీసుకెళ్లి, వీధులూ ఇల్లూ గుర్తుపట్టిందని నివేదిక రాసింది. అయితే ఆ ప్రయాణానికి ముందే మథుర నుంచి ఆ భర్త తరఫు బంధువూ, ఆ తరవాత భర్తా ఢిల్లీ వచ్చి ఆ పిల్లని చూసి వెళ్లారు. అబద్ధమాడారని నేననను. సాక్షులందరూ ఒకే గదిలో కూచుని మాట్లాడుకున్నాక ఇచ్చిన వాంగ్మూలానికి ఏ కోర్టయినా ఎంత విలువ ఇస్తుందో అంతే నేనూ ఇస్తాను.

రెండు కుటుంబాలూ కలవకముందే స్టీవెన్సన్ చేరుకోగలిగిన కేసులు చాలా తక్కువ. వాటిలో ఒకటి 1964 నాటిది, లెబనాన్‌లో డ్రూజ్ మతస్థుల పిల్లవాడిది. వాడు చెప్పిన పేర్లన్నీ కలిపి, వెనకటి జన్మలో ఫలానా ఊళ్లో ఫలానా అతనని తల్లిదండ్రులు తేల్చుకున్నారు. తీరా వెళ్లి చూస్తే ఆ ఫలానా అతను బతికే ఉన్నాడు. లారీ కింద పడి పోయింది ఇంకొకరు. పిల్లవాడి మాటలకి ఎక్కువగా సరిపోయింది మూడో మనిషి, క్షయతో పోయినవాడు. స్టీవెన్సన్ ఇది గట్టి కేసని రాశాడు. అదే కేసు నాకు ఇంకోలా కనిపిస్తుంది. పెద్ద కుటుంబం, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. అందులో వెతుక్కుంటూ పోతే ఏ పిల్లవాడి మాటలకైనా సరిపడే చచ్చినవాడు ఒకడు దొరకడా?

ఇంకో సంగతి నన్ను ఎక్కువ తికమక పెడుతుంది. పునర్జన్మ నిజమైతే అది అన్ని చోట్లా ఒకేలా జరగాలి. జరగదు. ఆడది మగాడిగా, మగాడు ఆడదిగా పుట్టడం జరగదని డ్రూజుల నమ్మకం. వాళ్లలో అలాంటి కేసు దొరకలేదు. బర్మాలో ఆ పట్టింపు లేదు. అక్కడ బోలెడు దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో చచ్చిన జపాన్ సైనికులమని చెప్పుకున్న పిల్లలు కూడా అక్కడే. మన దేశంలో ఉత్తరాదిన గుట్టలుగా దొరికినవి దక్షిణాదిన అరుదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, దక్షిణాదిలో ఇవి ఎందుకింత తక్కువని ఆలోచిస్తూ ఒక పత్రమే రాశారు. సినిమాల్లో మాత్రం మనకే లోటూ లేదు, 'మూగ మనసులు' నుంచి 'మగధీర', 'మనం' దాకా. ఆ మాటకొస్తే నమ్మకం కూడా మనం అనుకున్నంత లేదు. ప్యూ సంస్థ 2021లో వెలువరించిన సర్వేలో, పునర్జన్మని నమ్ముతామన్న హిందువులు నూటికి 40 మందే. దేశమంతా ఊగిపోతూ నమ్ముతోందని అటు భక్తులూ ఇటు హేతువాదులూ అనుకుంటారు గానీ, సగానికి పైగా జనం ఊరికే తలూపి ఊరుకుంటున్నారన్నమాట.

ఇక చచ్చి బతికినవాళ్ల మాటలు. ఇందులో మనవాళ్ల సాక్ష్యం నాకు మహా ఇష్టం. పస్రీచా, స్టీవెన్సన్ కలిసి 1986లో 16 మంది భారతీయుల అనుభవాలు ప్రచురించారు. చాలా వాటిలో కథ ఒకటే. భటులు వచ్చి పట్టుకెళ్తారు. అక్కడ ఒకాయన ముందు పెద్ద పుస్తకం. ఆయన పేజీ తిప్పి చూసి, "వీణ్ణి కాదురా తెమ్మన్నది, ఆ పేరుగలవాడు ఇంకొకడున్నాడు" అని భటుల్ని కసురుతాడు. మనవాణ్ణి వెనక్కి తోసేస్తారు. లేచి కూచుంటాడు. ఇది చదువుతుంటే 'యమగోల', 'యముడికి మొగుడు' చూసిన తెలుగువాడికెవడికైనా సత్యనారాయణ గొంతు వినపడి తీరుతుంది. 'యమలీల'లో అయితే ఆ పుస్తకమే భూమ్మీద జారిపడుతుంది. యమలోకం మన ఊహలో స్వర్గం కంటే తాలూకా ఆఫీసుకి దగ్గర. గుమాస్తా, చిట్టా, పొరపాటు పేరు, దిద్దుబాటు, అన్నీ ఉంటాయి.

అమెరికావాళ్లు చచ్చి బతికితే ఈ ఆఫీసు కనిపించదు. రేమండ్ మూడీ 1975లో రాసిన పుస్తకంతో లోకానికంతా తెలిసిన అనుభవాలవి: చీకటి సొరంగం, చివర వెలుగు, పైనుంచి తన ఒళ్లు తనే చూసుకోవడం, బతుకంతా కళ్ల ముందు గిర్రున తిరగడం. పస్రీచా చూసిన మనవాళ్లలో ఆ సొరంగమూ లేదు, ఒళ్లు చూసుకోవడమూ లేదు. అటు పక్క నిజంగా ఒక చోటుంటే, హైదరాబాద్ నుంచి వెళ్లినవాడికీ హ్యూస్టన్ నుంచి వెళ్లినవాడికీ అది ఒకేలా కనిపించొద్దా? ఉన్నది ఒకటే, చూసేవాడు తనకి తెలిసిన బొమ్మలతో చూస్తాడు అని సమాధానం చెప్తారు. చెప్పొచ్చు. కానీ బొమ్మలు మనవే అయినప్పుడు, వాటి వెనక ఇంకేదో ఉందనడానికి మిగిలిన ఆధారమేమిటి?

ఆ అనుభవం మాత్రం అబద్ధం కాదు. నెదర్లాండ్స్‌లో పిమ్ వాన్ లొమెల్ బృందం గుండె ఆగి బతికిన 344 మందిని అడిగితే 62 మంది ఏదో ఒకటి గుర్తుందన్నారు. 2001లో 'లాన్సెట్'లో వచ్చిన లెక్క ఇది. వాళ్లంతా కట్టుకథలు చెప్పారనుకోవడం మొండితనం. చావుకి దగ్గరైన మెదడు గమ్మున ఊరుకోదని కూడా ఇప్పుడు తెలుస్తోంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జీమో బోర్జిగిన్ బృందం 2013లో ఎలుకల గుండె ఆపి చూస్తే, ఆగిన తరవాత కొన్ని క్షణాల పాటు మెదడులో గామా తరంగాలు ఎగసిపడ్డాయి. 2023లో, కృత్రిమ శ్వాస తీసేసిన నలుగురు రోగుల మెదడు రికార్డులు చూస్తే ఇద్దరిలో అలాంటి ఉప్పెనే కనిపించింది. ఆ ఇద్దరికీ ఆ క్షణాన ఏమనిపించిందో అడుగుదామంటే వాళ్లు లేరు. అంచేత ఇదీ పూర్తి సమాధానం కాదు. ఆరిపోయే ముందు దీపం పెద్దదవుతుందని మనవాళ్లు అనేదానికి ఒక గ్రాఫు దొరికిందంతే.

పైనుంచి తన ఒళ్లు చూసుకున్నామనే మాటని పరీక్షించడానికి సామ్ పార్నియా అనే వైద్యుడు చక్కని ఉపాయం చేశాడు. ఆసుపత్రి గదుల్లో, పైకప్పుకి దగ్గరగా చిన్న అరలు కట్టించి, వాటి మీద బొమ్మలు పెట్టించాడు. కింద నిలబడ్డవాళ్లకి కనపడవు. పైనుంచి చూసేవాడికే కనపడతాయి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియాల్లో 15 ఆసుపత్రులు, గుండె ఆగిన 2,060 మంది. 2014లో ఫలితాలు వచ్చాయి. బతికి బట్టకట్టింది 330 మంది. మాట్లాడగలిగింది 140 మందితో. చుట్టూ జరిగింది చూశాం, విన్నాం అని వివరంగా చెప్పినవాళ్లు ఇద్దరు. ఒకరి ఆరోగ్యం బాగోక వదిలేశారు. మిగిలిన ఒక్కరు చెప్పినవి ఆశ్చర్యంగా సరిపోయాయి. కానీ ఆయన గుండె ఆగిన గదిలో అర లేదు! అరలున్న చోట గుండె ఆగినవాళ్లు మొత్తంలో నూటికి 22 మందే. రెండోసారి ఇంకా జాగ్రత్తగా చేసి 2023లో ప్రకటించారు. 567 మంది, బతికింది 53, మాట్లాడింది 28. బొమ్మ చెప్పినవాళ్లు లేరు. ఈసారి చెవుల్లో పండ్ల పేర్లు కూడా వినిపించారు, వాటిని ఒకరు చెప్పారు. అది చెవి చేసే పనే గానీ ఆత్మ చేసే పని కాదు.

ఈ అరల సంగతి చదివినప్పుడు మా పెదనాన్న పదో రోజు గుర్తొచ్చింది. కాలవ గట్టు మీద పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగవు. తెలంగాణలో మూడో రోజే పిట్టకి పెట్టుడంటారు. అక్కడా ఇదే ఎదురుచూపు. పంతులుగారు వాచీ చూసుకున్నారు. మా పెద్దమ్మ ఏడుపు మానేసి చెట్టుకేసి చూస్తోంది. "ఆయనకేదో కోరిక మిగిలిపోయింది" అన్నారెవరో. ఎవరెవరో ఏవేవో చెప్పారు, అప్పు తీరుస్తామన్నారు, ఇల్లు అమ్మబోమన్నారు. చివరికి మా అన్నయ్య రెండడుగులు ముందుకేసి, "చిన్నదాని పెళ్లి నా చేతుల మీదుగా చేస్తాను నాన్నా" అన్నాడు గట్టిగా. కాకి దిగింది.

అందరూ చేతులు జోడించారు. నాలో ఉన్న గుమాస్తా మాత్రం లెక్క వేశాడు. ఇన్ని కోరికలు వరసగా చెప్పుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఆకలేసిన కాకి దిగుతుంది. దిగిన క్షణంలో గాల్లో ఉన్న మాటే ఆఖరి కోరిక అవుతుంది. అన్నం పెడితే పోయినవాడికి అందుతుందా అని రామాయణంలోనే జాబాలి అడిగాడు. అడవిలో ఉన్న రాముడి ఎదటే అడిగాడు, ఒకడు తింటే ఇంకొకడి కడుపు నిండేటట్టయితే ప్రయాణం వెళ్లేవాళ్లకి ఇంటి దగ్గరే శ్రాద్ధం పెట్టి పంపొచ్చు కదా అని. రాముడికి కోపం వచ్చింది. వాల్మీకి మాత్రం ఆ వాదాన్ని కావ్యంలో ఉంచాడు. వేమన ఇదే పని ఇంకా మోటుగా చేశాడు. వాదంగా వాళ్లది తిరుగులేనిది. కానీ ఆ రోజు ఊరంతా విన్న మాటని మా అన్నయ్య వెనక్కి తీసుకోలేకపోయాడు. నాలుగేళ్ల తరవాత పెళ్లి చేశాడు, పొలం అమ్మి మరీ. పరీక్ష పెదనాన్నకి పెట్టామనుకున్నాం. రాసింది అన్నయ్య.

కాకి అనగానే ఇంకో పెద్దమనిషి. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1896లో అన్నాడు: కాకులన్నీ నల్లవే అన్న సూత్రాన్ని పడగొట్టడానికి అన్ని కాకుల్నీ చూడక్కర్లేదు, ఒక్క తెల్ల కాకి చాలు అని. తన తెల్ల కాకి బోస్టన్‌కి చెందిన లియోనోరా పైపర్ అని కూడా చెప్పాడు. ఆవిడ మైకంలో పడి, పోయినవాళ్ల సంగతులు చెప్పేది. అయితే జేమ్స్ ఆవిడ దగ్గరికి మొదట వెళ్లింది 1885లో, పసివాడైన కొడుకు పోయిన కొద్ది నెలలకి. ఆ పైపర్ గారే 1901లో ఒక పత్రికతో, తన ద్వారా ఆత్మలే మాట్లాడుతున్నాయని తనకి నమ్మకం లేదన్నట్టు చెప్పింది. జేమ్స్ చనిపోయే ముందు ఏడాది, పాతికేళ్లు వెతికాక కూడా సిద్ధాంతపరంగా మొదలుపెట్టిన చోటే ఉన్నానని ఒప్పుకున్నాడు. రేడియో విద్యలో ఆద్యుల్లో ఒకడైన ఆలివర్ లాడ్జ్ కొడుకు 1915లో యుద్ధంలో పోయాడు. మరుసటి ఏడాదే ఆ కొడుకు పంపిన కబుర్లంటూ పుస్తకం వేశాడు. భార్యనీ బిడ్డల్నీ పోగొట్టుకున్న రవీంద్రుడు 1929 చివర శాంతినికేతన్‌లో ఒక అమ్మాయిని మాధ్యమంగా కూచోబెట్టి పోయినవాళ్లతో మాట్లాడే ప్రయత్నం చేశాడు. వీళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కారు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న మనిషికి సాక్ష్యం తూచే తక్కెడ ఇచ్చి సమంగా పట్టుకోమనడం మన అన్యాయం.

మన ఇళ్లలో ఎవరు ఊరెళ్తున్నా బస్సు కిటికీ దగ్గర నిలబడి చెప్పే మాట ఒకటే: చేరగానే ఫోన్ చెయ్యి. చచ్చి బతికామన్నవాళ్లు బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, ఊరెలా ఉందో వాళ్లనడిగి లాభం లేదు. ఫోన్ చెయ్యాల్సింది చేరినవాళ్లు. దేహం విడిచి వేరే లోకానికి పోయేవాడే అయితే బంధువుల మీద ప్రేమతో ఒక్కసారైనా తిరిగి రాడేమని చార్వాకులు అడిగారని సర్వదర్శనసంగ్రహంలో ఉంది. ఆ ప్రశ్నని నిజంగా పరీక్షగా మార్చినవాళ్లు ఇంగ్లండు, అమెరికాల్లో కొందరున్నారు. ఫ్రెడరిక్ మయర్స్ ఒక కవరు సీలు వేసి లాడ్జ్ చేతికిచ్చి 1901లో పోయాడు. 1904 డిసెంబరులో, కవరులో ఏముందో ఆయనే తన చేత రాయించాడని ఒకావిడ చెప్పగా, నలుగుర్లో విప్పి చూశారు. పొంతన లేదు. సంకెళ్లు విప్పుకునే ఇంద్రజాలికుడు హూడినీ భార్యతో రహస్య సంకేతం ఒకటి అనుకుని 1926 అక్టోబరు 31న పోయాడు. ఆవిడ పదేళ్లు ఎదురుచూసి, 1936లో హాలీవుడ్‌లో ఒక హోటల్ మిద్దె మీద ఆఖరిసారి పిలిచి, ఇక చాలనుకుంది. వీళ్లందరిలోకీ రాబర్ట్ థూలెస్ పకడ్బందీ మనిషి. సీలు కవరైతే బతికున్నవాళ్లే దివ్యదృష్టితో చదివేశారనొచ్చు కదా అని, 1948లో గూఢలిపి సందేశాలు ప్రకటించి, విప్పే మాట ఒక్క తన బుర్రలోనే ఉంచుకున్నాడు. 1984లో పోయాడు. పైనుంచి మాట రాలేదు. 1996లో ఒక గూఢలిపి నిపుణుడు కంప్యూటర్‌తో ఒక సందేశం విప్పేశాడు. బతికున్నవాళ్లే ముందు చేరారు.

ఈ వంశానికి మూలపురుషుడు మనవాడే. కోసల దేశంలో సేతవ్య అనే ఊరి ఏలిక పాయాసి, దీఘనికాయంలో ఆయన పేరు మీద ఒక సుత్తమే ఉంది. పరలోకం లేదని ఆయన వాదం. ఊరికే వాదించలేదు, ప్రయోగాలు చేశాడు. చావుబతుకుల్లో ఉన్న పాపాత్ములైన బంధువుల దగ్గరికి వెళ్లి, "నరకానికి వెళ్తే వచ్చి చెప్పండి" అన్నాడు. పుణ్యాత్ములతో "స్వర్గానికి వెళ్తే వచ్చి చెప్పండి" అన్నాడు. సరేనన్నవాళ్లెవరూ రాలేదు. దొంగని బతికుండగానే కుండలో పెట్టి మూతి బిగించి కాల్పించాడు, ప్రాణం ఎటు పోతుందో చూద్దామని. ఇంకో దొంగని తూకం వేయించి, ఊపిరాడకుండా చంపించి మళ్లీ తూయించాడు. పరిశోధన పద్ధతి ఘోరం, ఇవాళ ఏ నైతిక సంఘమూ సంతకం పెట్టదు. కానీ మసాచుసెట్స్ డాక్టరు డంకన్ మెక్‌డూగల్ చేసి, 1907లో ప్రకటించిందీ ఇదే, చంపించకుండా. ఆరుగురు రోగుల మంచాల్ని తూనిక మీద ఉంచి ప్రాణం పోయే దాకా కాచుకున్నాడు. మొదటి రోగి ముప్పావు ఔన్సు తగ్గాడు. ఆత్మ బరువు 21 గ్రాములని అప్పటినుంచి జనం నోట నానుతోంది. మిగిలినవాళ్లలో లెక్క కుదరలేదు, ఇద్దరివి ఆయనే కొట్టేశాడు. మెక్‌డూగల్ తూకంలో శవం తేలికైంది. పాయాసి తూకంలో బరువెక్కింది.

పాయాసికి జవాబు చెప్పినవాడు కుమార కస్సపుడనే భిక్షువు. నరకంలో ఉన్నవాణ్ణి భటులు సెలవిచ్చి పంపరు, తలారి దొంగని చుట్టాల్ని చూసి రమ్మని పంపుతాడా అన్నాడు. స్వర్గానికి వెళ్లినవాడు మురుగుగుంటలోంచి బయటపడి స్నానం చేసినవాడిలాంటివాడు, మళ్లీ దిగడు అన్నాడు. పైగా మన నూరేళ్లు అక్కడివాళ్లకి ఒక్క రోజు. రెండు మూడు రోజులు సుఖపడి వెళ్లి పాయాసికి చెబుదాంలే అనుకునేలోగా పాయాసే ఉండడు కదా అన్నాడు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. నాకు మాత్రం ఆ ముచ్చటే అనుమానం. కబురు వస్తే ఉన్నట్టు, రాకపోయినా ఉన్నట్టు. ఓడే వీలే లేని వాదం గెలిచినా లెక్కలోకి తీసుకోలేను.

కనక నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, సాక్ష్యం లేదు. ఉన్నవి వాంగ్మూలాలు, వాటిలో నిజాయితీ ఉంది, ఆశ్చర్యమూ ఉంది. బతికున్నవాళ్ల వల్ల కాని పని ఒకటి ఎంచి, దాన్ని పోయినవాళ్లకి అప్పగించిన ప్రతిచోటా నిశ్శబ్దమే. సాక్ష్యం లేకపోవడమూ, లేదని రుజువు కావడమూ ఒకటి కాదని నాకూ తెలుసు. ఈ కేసులో నిజంగా సాక్షి బోనెక్కాల్సినవాడు యముడు. కఠోపనిషత్తులో నచికేతుడు ఆయన్నే నిలదీశాడు. ఆయనేమో ఇది దేవతలకే తేలని సంగతి, గుర్రాలిస్తాను, ఏనుగులిస్తాను, ఇంకేదైనా అడుగు అని వాయిదా కోరాడు. తరవాత ఉపదేశమైతే చేశాడు. అందులో ఆధారమని పట్టి చూపించగలిగింది నాకు దొరకలేదు. చార్లట్స్‌విల్ తాళం తెరుచుకున్న రోజు నేను మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తాను. అప్పుడు కూడా థూలెస్ అనుమానం ఉండనే ఉంటుంది.

పాయాసి చివరికి ఒప్పుకున్నాడు. మొదటి ఉపమానానికే ఒప్పుకున్నాననీ, ఇంకా వినాలనే అడ్డం వాదించాననీ అన్నాడు. వాదంలో ఓడిన పెద్దమనుషులు ఇప్పటికీ చెప్పే మాటే ఇది. ఆ తరవాత దానధర్మాలు మొదలుపెట్టాడు. పెట్టింది నూకల జావ, ముతక గుడ్డలు. పంచిపెట్టడానికి ఉత్తరుడనే కుర్రవాణ్ణి నియమిస్తే, వాడు పెట్టిన ప్రతిసారీ "ఈ దొరతో సావాసం ఈ జన్మకి చాలు, పై లోకంలో వద్దు" అని మొక్కుకునేవాడు. దొర పిలిచి అడిగితే, మీరు కాలితో కూడా తాకని తిండి మా చేత పెట్టిస్తున్నారు అన్నాడు. పోయాక ఉత్తరుడికి దేవతల సభలో చోటు దొరికిందట. పాయాసికి సేరిస్సకమనే విమానం ఇచ్చారట, చుట్టూ ఎవరూ లేని ఖాళీ మేడ. గవాంపతి అనే భిక్షువు మధ్యాహ్నం పూట కునుకు తీయడానికి అక్కడికి వెళ్లేవాడట. ఒకరోజు ఆయన్ని ఆపి, పాయాసి కిందికి కబురు పంపాడు: పెట్టేదేదో మంచిది పెట్టండి, మీ చేతులతో పెట్టండి, మనసుపెట్టి పెట్టండి, నాలాగా చేయకండి అని. చేరాక కబురు పెట్టినవాడు మన వాఙ్మయంలో నాకు తెలిసి ఆ నాస్తికుడే. గవాంపతి మాట తప్ప దానికి వేరే ఆధారం లేదు.